మాట నుండి మూర్తి వరకు: తాల రుద్రశివుని ఎదుట కృత్రిమ మేధ

బిలాస్‌పూర్‌ను తెలుగువారు మొదట రైలు పట్టాల మీదుగానే ఎరిగారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుండి ఆసన్‌సోల్ దిశగా వేసిన మార్గాన్ని 1891 నాటికి పూర్తి చేసింది. ఆ మార్గం మీద బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలిగా ఎదిగింది. అదే కంపెనీ వాల్తేరు వైపు విస్తరించడం, 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తికావడం వల్ల ఉత్తరాంధ్ర జిల్లాలకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ రాకపోకలు పెరిగాయి. కొలువు కోసం వచ్చినవారు స్థిరపడ్డారు. రైల్వే కాలనీలలో తెలుగు కుటుంబాలు తరాల తరబడి నివసిస్తున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ, కార్యాలయ పత్రాలలో ఇంగ్లీషు అక్కడి నిత్యవ్యవహారం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, దాని ప్రధాన కార్యాలయం ఈ పట్టణంలోనే నెలకొన్నది.

ఈ రైలు పట్టణానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, మణియారి నది ఒడ్డున తాల అనే గ్రామం ఉంది. అక్కడ దేవరానీ, జేఠానీ అనే పేర్లతో రెండు శిథిలాలయాలున్నాయి. తెలుగులో చెప్పాలంటే అవి తోడికోడళ్ళ గుళ్ళు: ఒకటి చిన్నకోడలిది, రెండవది పెద్దకోడలిది. క్రీస్తుశకం 5, 6 శతాబ్దాల నాటివని పురాతత్త్వవేత్తల అభిప్రాయం. 1987–88లో ఆ ఆవరణను శుభ్రపరచి తవ్వుతున్నప్పుడు అక్కడ ఒక విగ్రహం బయటపడింది. ఎత్తు సుమారు 2.7 మీటర్లు. బరువు 5 టన్నుల దాకా ఉంటుందని చెబుతారు. దానికి ‘రుద్రశివుడు’ అన్న పేరు మన కాలంవారు పెట్టినది. చెక్కినవారు ఏ పేరున పిలిచారో తెలిపే శాసనం లేదు. శిల్పశాస్త్ర గ్రంథాలలో ఆ రూపానికి సరిగ్గా సరిపోయే లక్షణమూ కనబడలేదు. అందువల్లనే అది భారతీయ మూర్తిశాస్త్రంలో ఒక ప్రహేళికగా నిలిచిపోయింది.

ఆ విగ్రహంలోని అవయవాలన్నీ ప్రాణులే. తలపాగా పాముల చుట్ట. నుదుటి నుండి కిందికి దిగే సరీసృపం ముక్కు అయింది. మీసం రెండు చేపలు. గడ్డం ఎండ్రకాయ. చెవులు నెమళ్ళు. భుజాలు మకర ముఖాలు. వక్షం మీద, ఉదరం మీద, తొడల మీద మనుష్య ముఖాలు. మోకాళ్ళ మీద సింహముఖాలు. ఇంతటి సమ్మేళనమూ కుప్పగా పోసినట్లుండదు. దూరం నుండి చూసినవారికి గద చేతబట్టి కాళ్ళు దన్ని నిలిచిన ఒక మహాపురుషుడే కనిపిస్తాడు. దగ్గరకు వెళ్ళినకొద్దీ ఆ పురుషుడు ఒక్కొక్క ప్రాణిగా విడిపోతాడు. వెనుకకు నడిస్తే మళ్ళీ ఒక్కడవుతాడు.

కృత్రిమ మేధ నేడు మాట నుండి మూర్తిని నిర్మిస్తున్నది. నాలుగు వాక్యాలు రాసి ఇస్తే కంప్యూటర్ తెర మీద ఏ వైపు నుండైనా తిప్పి చూడదగిన త్రిమితీయ రూపం వెలువడుతుంది. ఆ రాసి ఇచ్చిన వాక్యాలనే ‘ప్రాంప్టు’ అంటున్నారు. ఈ విద్యను అంచనా కట్టడానికి తాల విగ్రహాన్ని మించిన గీటురాయి ఈ దేశంలో దొరకడం కష్టం. వాక్యమే లేని విగ్రహం అది. వాక్యం లేనిదే అడుగు వేయలేనిది ఈ యంత్రం.

యంత్రం పనితీరు కొంత తెలిస్తేనే విమర్శ న్యాయంగా ఉంటుంది. 2020లో ‘నెర్ఫ్’ అనే పద్ధతి వెలువడింది. ఒకే వస్తువును పలు దిక్కుల నుండి తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా, ఏ దిక్కు నుండి చూస్తే ఆ వస్తువు ఎలా కనబడుతుందో లెక్కగట్టగల విద్య అది. 2022 సెప్టెంబరులో గూగుల్ పరిశోధకులు ‘డ్రీమ్‌ఫ్యూజన్’ను ప్రకటించారు. దానికి త్రిమితీయ నమూనాలు ఒక్కటీ చూపలేదు. బొమ్మలు గీయడం నేర్చిన మరొక యంత్రాన్ని పరీక్షకునిగా పెట్టారు. గాలిలో ఆకారంలేని పొగ వంటి ముద్దను ఉంచి, దానిని యాదృచ్ఛికంగా ఏదో ఒక దిక్కు నుండి చూసి, ‘ఇది వాక్యంలో చెప్పినట్లుందా?’ అని పరీక్షకుణ్ణి అడగడం, అతడు చెప్పిన లోపం మేరకు ముద్దను సవరించడం, మళ్ళీ మరొక దిక్కు నుండి చూడడం. వేలసార్లు ఇలా సాగిన తరువాత, సుమారు గంటన్నరకు, రూపం నిలిచేది. అదే ఏడాది నవంబరులో ఎన్విడియా సంస్థ వారి ‘మ్యాజిక్ త్రీడీ’ ఈ వ్యవధిని 40 నిమిషాలకు తగ్గించింది. డిసెంబరులో ఓపెన్ ఏఐ వారి ‘పాయింట్ ఈ’ నాణ్యత కొంత వదులుకొని ఒకటి రెండు నిమిషాలకు దించింది. ఆపైన వచ్చినవి నేరుగా త్రిమితీయ నమూనాల మీదనే శిక్షణ పొందాయి. 2024 చివర మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించిన ‘ట్రెల్లిస్’ సుమారు 5 లక్షల నమూనాలను అభ్యసించింది. వేగం విషయంలో ఇక ఫిర్యాదుకు చోటు లేదు.

మాట నుండి మూర్తిని తీయడం భారతీయులకు కొత్త కాదన్న వాదం ఒకటి ఈ సందర్భంలో తరచుగా వినవస్తున్నది. ధ్యానశ్లోకమే మన ప్రాచీన ప్రాంప్టు అంటారు. పైకి చూస్తే ఈ పోలిక ఆకర్షణీయమే. ఎన్ని భుజాలు, ఏ చేత ఏ ఆయుధం, ఏ వర్ణం, ఏ ఆసనం, ఏ వాహనం అన్నది శ్లోకం చెబుతుంది. శిల్పి దానిని మననం చేసి రాతిలోకి దించుతాడు. 19వ శతాబ్దంలో మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడెయరు సంకలనం చేయించిన ‘శ్రీతత్త్వనిధి’లో ధ్యానశ్లోకాలకు ఎదురుగా చిత్రాలు కూడా ఉన్నాయి. 32 గణపతుల రూపాలు అందులో ప్రసిద్ధం. మాటకూ రూపానికీ జత కుదిర్చిన గ్రంథం అది. నేటి యంత్రాల శిక్షణకు వాడే చిత్ర–వాక్య భాండారాలకు దానిని పూర్వరూపం అనవచ్చుననిపిస్తుంది.

అయితే శ్లోకం శిల్పికి అంతా చెప్పదు. విగ్రహం వెనుకభాగం గురించి శ్లోకాలు సాధారణంగా మౌనం వహిస్తాయి. ఎంత బరువు ఎక్కడ ఆనాలి, చాచిన చేయి విరగకుండా రాతిలో ఏ ఆసరా మిగల్చాలి అన్న ప్రస్తావన అందులో ఉండదు. ఆ భాగమంతా తాళమానంలో, గురువు చేతిలో, రాతిని తట్టి నాదం విని పురుషశిల, స్త్రీశిల అని విభజించే చెవిలో ఉంది. విష్ణుధర్మోత్తరంలో వజ్రుడనే రాజు ప్రతిమాలక్షణం చెప్పమని మార్కండేయుని అడుగుతాడు. చిత్రం తెలియనిదే ప్రతిమ తెలియదని, నృత్తం తెలియనిదే చిత్రం తెలియదని, వాద్యం, గీతం తెలియనిదే నృత్తం తెలియదని ఆ ముని ఒక్కొక్క మెట్టే వెనక్కి తీసుకుపోతాడు. ప్రతిమకు వాక్యం చాలునని ఆ సంభాషణలో ఎక్కడా లేదు. ధ్యానశ్లోకం తెలిసినవానికి జ్ఞాపిక. ప్రాంప్టు తెలియనివాడు తెలిసిన యంత్రానికి ఇచ్చే ఉత్తరువు. రెండింటినీ ఒకే గాట కట్టడం పొసగదు.

ఈ యంత్రాలు తొలి దశలో ప్రదర్శించిన రూపాలను గమనిస్తే వాటి అభిరుచి కూడా అర్థమవుతుంది. తోలుకోటు తొడుక్కొని మోటారు సైకిలు నడిపే ఉడుత వంటివి డ్రీమ్‌ఫ్యూజన్ ప్రదర్శనలో ప్రసిద్ధికెక్కాయి. చమత్కారమే, కాదనలేము. ఆ చమత్కారంలోని వ్యాకరణం మాత్రం ద్వంద్వ సమాసానిది: ఉడుత, కోటు, మోటారు సైకిలు. మూడూ పక్కపక్కన చేరాయి గాని, ఒకటి మరొకటి కాలేదు. తాల విగ్రహంలో ముక్కు మీద సరీసృపం వాలలేదు. సరీసృపమే ముక్కు. దాని శరీరం నాసావంశం, దాని కాళ్ళు కనుబొమల వంపు. ఒకే గీత రెండు చోట్ల చదువుకోవలసి వస్తుంది. అలంకారశాస్త్రంలో దీనికి శ్లేష అని పేరు.

తెలుగు పాఠకునికి ఈ విద్య పరిచితమే. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ రచించాడు. ఒకే పద్యం ఒక విధంగా విడదీస్తే రామకథ, మరొక విధంగా విడదీస్తే భారతకథ. రెండు కథలను అతికినట్లు ఆ కావ్యంలో ఎక్కడా కనబడదు. తాల శిల్పి సూరనకు దాదాపు వెయ్యేళ్ళ ముందు రాతిలో ద్వ్యర్థి సాధించాడనడం అతిశయోక్తి కాదు. ఒడియా సారళాదాసు మహాభారతంలోని నవగుంజరం తొమ్మిది ప్రాణుల అంగాలతో ఏర్పడిన రూపం. అది కూడా గొప్ప కల్పనే అయినా, అందులో ఏ అంగం ఏ ప్రాణిదో వరుసగా చెప్పవచ్చు. చిత్రకారులు ఆ వరుస ప్రకారమే గీస్తూ వచ్చారు. నవగుంజరం వాక్యానికి లొంగుతుంది. తాల విగ్రహాన్ని వాక్యంలో పెట్టబోతే శ్లేష తెగిపోతుంది. ‘ముక్కు స్థానంలో సరీసృపం’ అన్న మరుక్షణం ముక్కు, సరీసృపం అనే రెండు వస్తువులు పుట్టాయి. యంత్రం ఆ రెండింటినీ అతికిస్తుంది.

ఇక్కడ యంత్రం పక్షాన ఒక మాట చెప్పాలి. 2023లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘విజువల్ ఎనాగ్రామ్స్’ పేరిట కొన్ని చిత్రాలను వెలువరించారు. నిలువుగా చూస్తే ఒక దృశ్యం, తలకిందులు చేస్తే మరొక దృశ్యం. రెండు వాక్యాలను ఒకే చిత్రం మీద ఏకకాలంలో పనిచేయించి వారు దీనిని సాధించారు. కనుక శ్లేష యంత్రానికి బొత్తిగా అసాధ్యమని తీర్మానించడం తొందరపాటు. కాని అక్కడ ఏ రెండింటిని జతపరచాలో నిర్ణయించినది మనుషులే. మీసానికి చేప, చెవికి నెమలి, గడ్డానికి ఎండ్రకాయ అని ఎంచుకున్న చూపే తాల విగ్రహపు అసలు సృష్టి. ఆ చూపు లభించిన తరువాత మిగిలినది చేతిపని.

ఈ విద్యకున్న ఒక ప్రసిద్ధ దోషాన్ని కూడా ఈ విగ్రహం ఎదుటనే పరిశీలించాలి. బొమ్మల యంత్రాన్ని పరీక్షకునిగా పెట్టిన పద్ధతిలో, మనిషి రూపం అడిగితే ముందొక ముఖం, వెనుకొక ముఖం, పక్కన మరొకటి ఏర్పడేవి. కారణం సులభమే. పరీక్షకుడు చూసిన ఛాయాచిత్రాలలో ఎక్కువ భాగం ముఖం కనబడేవే. ఏ దిక్కు నుండి అడిగినా అతడు ముఖం కావాలనే అంటాడు. దీనిని నివారించడానికి ‘ముందు వైపు’, ‘పక్క వైపు’, ‘వెనుక వైపు’ అన్న మాటలను వాక్యానికి చేర్చే ఉపాయం కూడా చేశారు. పూర్తిగా పోలేదు. రెండు ముఖాల రోమన్ దేవత పేరు మీద పరిశోధకులు దీనిని ‘జానస్’ సమస్య అన్నారు. చతుర్ముఖుని, షణ్ముఖుని, పంచముఖ లింగాన్ని కొలిచే దేశంలో ఈ దోషానికి ఒక దేవత పేరు పెట్టడం వింతగానే తోస్తుంది.

తాల విగ్రహంలోనూ ముఖాలు అనేకం. వక్షం, ఉదరం, తొడలు, మోకాళ్ళు, అన్నీ ముఖాలే. యంత్రం ముఖాలకూ వీటికీ భేదం ఎక్కడుంది? ఉదరం మీది ముఖం ఉదరపు గుండ్రదనాన్ని చెరపలేదు. బాన కడుపే ఉబ్బిన బుగ్గలు అయింది. మోకాటి మీది సింహం మోకాటి చిప్ప ఉన్న చోటనే ఉంది. శరీరం తన కీలు ఎక్కడో మరిచిపోలేదు. యంత్రపు రెండవ ముఖం మాత్రం తల వెనుక, జుట్టు ఉండవలసిన చోట, మొదటి ముఖానికి తెలియకుండా మొలుస్తుంది. అందులో సంకల్పం లేదు, సగటు మాత్రమే ఉంది. నేరుగా త్రిమితీయ నమూనాల మీద శిక్షణ పొందిన తరువాతి యంత్రాలలో ఈ దోషం చాలావరకు తగ్గింది. అది మేలే. కాని అదే శిక్షణ మరొక చిక్కు తెచ్చింది. ఒక తలకు ఒక ముఖం, ఒక ముక్కుకు రెండు రంధ్రాలు అని బలంగా నేర్చిన యంత్రం, తాల వంటి అపూర్వ రూపం ఎదురైతే దానిని దోషంగా భావించి సరిదిద్దబూనుతుంది. పాత యంత్రం పొరపాటున ముఖాలు పెంచేది, కొత్త యంత్రం సుగుణం కొద్దీ తుడిచివేస్తుంది.

సగటు అన్న మాట ఇక్కడ ముఖ్యం. అలెన్ సంస్థ 2022లో విడుదల చేసిన ‘ఆబ్జావర్స్’ భాండారంలో 8 లక్షలకు పైగా త్రిమితీయ నమూనాలున్నాయి. 2023లో వచ్చిన విస్తృత రూపంలో ఆ సంఖ్య కోటి దాటింది. వాటిలో అధిక భాగం అంతర్జాలంలో ఔత్సాహికులు, క్రీడారూపకర్తలు ఉంచినవి: కుర్చీలు, కార్లు, కత్తులు, కాల్పనిక వీరులు. వాటిని చూసి నేర్చిన యంత్రాన్ని శివుణ్ణి అడిగితే, క్యాలెండరు శివుని కండలు తిరిగిన వీరుని దేహంలో నిలబెట్టడం సహజం. ఎంత వెతికినా తాల శివుని సాటి రూపం మరొకటి లేదు. ఒక్కటే ఉన్న వస్తువుకు సగటు ఉండదు.

భాష సంగతి ఇంకొక అడుగు లోతైనది. 2021లో ఓపెన్ ఏఐ ప్రకటించిన ‘క్లిప్’ అనే నమూనా, 40 కోట్ల చిత్ర–వాక్య జతల మీద శిక్షణ పొంది, తరువాతి అనేక యంత్రాలకు పునాది అయింది. ఆ వాక్యాలు ప్రధానంగా ఇంగ్లీషువి. అది స్వీకరించే వాక్యానికి 77 ముక్కల పరిమితి ఉంది. ఇంగ్లీషు మాట చాలాసార్లు ఒకే ముక్క. తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికీ కంప్యూటర్ నిల్వలో 3 బైట్లు పడతాయి. ‘ఉడుము’ అన్న మూడక్షరాల మాట గుణింతాలతో కలిపి 15 బైట్లు. ఆ మాట ముక్కలై యంత్రంలోకి పోయినా, ఆ ముక్కలకు అర్థం నేర్పిన జతలు భాండారంలో అరుదు. కనుక తెలుగులో అడిగేవారికి ముందు ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వడమే మార్గమవుతున్నది. భాషిణి పేరిట 2022లో మొదలైన జాతీయ భాషానువాద వేదిక వంటివి ఆ దారిని సుగమం చేస్తున్నాయి. అయినా అనువాదం చేసే నష్టం ఒకటి మిగిలే ఉంది.

తాల విగ్రహపు ముక్కునే తీసుకోవచ్చు. హిందీ వర్ణనలలో కొన్ని ఛిప్‌కలీ అంటాయి, కొన్ని గిర్గిట్ అంటాయి. ఇంగ్లీషు వర్ణనలు చాలావరకు లిజర్డ్ అని ఊరుకుంటాయి. తెలుగులో బల్లి వేరు, తొండ వేరు, ఉడుము వేరు. బల్లి ఇంటి గోడది, దాని పాటుకు శకునం ఉంది. తొండ కంచె మీదిది, తల ఊపుతుంది, రంగు మారుస్తుంది. ఉడుము కొండరాళ్ళది, దాని పట్టుకు సామెతే ఉంది. ఈ మూడింటిలో ఏది ఆ ముఖం మీద ఉన్నదన్న దానిని బట్టి విగ్రహం అర్థమే మారుతుంది. పట్టు విడువని ఉడుము నాసిక అయిన దేవుడు వేరు, రంగులు మార్చే తొండ నాసిక అయిన దేవుడు వేరు. రైల్వే కాలనీలోని తెలుగు పిల్లవానికి ఈ మూడు మాటలూ ఇంట్లో వినబడతాయి. వాడు యంత్రం ముందు కూర్చున్నప్పుడు మాత్రం మూడింటినీ విడిచి ఒకే ఇంగ్లీషు మాట కొట్టవలసి వస్తుంది. ఎంచుకునే అవకాశం రూపం ఏర్పడకముందే చేజారిపోయింది.

ఛత్తీస్‌గఢ్‌లోనే రూపనిర్మాణానికి మరొక మార్గం సజీవంగా ఉంది. బస్తర్‌లోనూ, బిలాస్‌పూర్ నుండి హౌరా వైపు పోయే రైలు మార్గం మీది రాయగఢ్ సమీపంలోని ఏక్‌తాల్ గ్రామంలోనూ ఢోక్రా పోతపని సాగుతున్నది. మట్టితో లోపలి ముద్ద చేసి, దాని మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి లోహం పోస్తారు. చల్లారిన తరువాత మూసను పగలగొట్టనిదే బొమ్మ బయటకు రాదు. ఆ మూస మళ్ళీ పనికిరాదు, ఆ బొమ్మకు జంట లేదు. ఇందులో బొమ్మకు లోపలి భాగం ఉంది, ఆ లోపలి నుండే పని మొదలవుతుంది. యంత్రం ఇచ్చే నమూనా చాలావరకు చిన్న చిన్న త్రికోణాల వలతో చేసిన చర్మం మాత్రమే. దానికి బరువు లేదు, పొర లేదు, ఉలి ఎదురుతిరిగే రాతి నైజం లేదు. 5 టన్నుల ఇసుకరాయి తన పాదాల మీద నిలవడానికి శిల్పి కాళ్ళను ఎంత లావుగా ఉంచాడో చూసినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. తెర మీది దేవుడు దారపుపోగు వంటి చీలమండల మీద కూడా నిలబడగలడు.

యంత్రానికి ఉపయోగం లేదని దీని అర్థం కాదు. నాటక రంగస్థలానికి నమూనా కావలసినవారికి, పాఠశాలలో పరికరం చూపదలచిన ఉపాధ్యాయునికి, అచ్చువేసిన త్రిమితీయ రూపాన్ని తడిమి తెలుసుకునే దృష్టిహీన విద్యార్థికి ఈ విద్య మేలు చేస్తుంది.

ప్రమాదం వేరొక చోట పొంచి ఉంది. అది అధికారుల బల్ల మీదికే వస్తుంది. పురావస్తువుల త్రిమితీయ నమోదు, ఊహతో రూపొందించిన త్రిమితీయ నమూనా తెర మీద ఒకే తీరుగా కనబడతాయి. మొదటిది కొలత. వందల ఛాయాచిత్రాలు తీసి లేదా లేజరు కిరణంతో తడిమి, ఉన్నదానిని ఉన్నట్లు రాబట్టడం. రెండవది అనుమానం. 2001 మార్చిలో బామియాన్ బుద్ధ విగ్రహాలను ధ్వంసం చేసిన తరువాత, జ్యూరిక్‌లోని ఈ.టీ.హెచ్. పరిశోధకులు పెద్ద విగ్రహపు త్రిమితీయ రూపాన్ని పునర్నిర్మించారు. అందుకు వారికి ఆధారమైనవి 1970లో కోస్త్కా అనే ఆచార్యుడు కొలత పద్ధతిలో తీసిన ఛాయాచిత్రాలు. ఆ చిత్రాలు లేనిచోట వాక్యం రాసి యంత్రాన్ని అడిగి ఉంటే నున్నని బుద్ధుడు ఒకడు తప్పక వచ్చేవాడు, ఆ లోయలోని బుద్ధుడు మాత్రం కాదు.

తాల ఆలయాలలోని శిల్పాలు అనేకం భగ్నమై ఉన్నాయి. విరిగిన చేతిని, చెదరిన ముఖాన్ని యంత్రం క్షణాలలో పూరించగలదు. పూరించిన రూపం చూడముచ్చటగానూ ఉంటుంది. దానిని వస్తుప్రదర్శనశాల తెర మీద పెట్టిన పదేళ్ళకు అదే అసలు రూపమని పాఠ్యపుస్తకాలకు ఎక్కే అవకాశం ఉంది. మరొక పదేళ్ళకు కొత్త యంత్రాలు దాని మీదనే శిక్షణ పొందుతాయి. పాత వ్రాతప్రతులలో లేఖకుడు తనకు అర్థంకాని చోట తోచిన మాట చేర్చితే, దానిని ప్రక్షిప్తమని గుర్తించి వేరుచేయడానికి తెలుగులో పరిష్కర్తలు జీవితాలు ధారపోశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారి కృషి అందుకు తార్కాణం. రాతికి ఇంకా అటువంటి పరిష్కర్త రాలేదు, ప్రక్షిప్తాలు మాత్రం రావడానికి సిద్ధంగా ఉన్నాయి. మ్యూజియం వస్తువుల అంతర్జాల జాబితా కోసం సీ-డాక్ రూపొందించిన ‘జతన్’ వంటి వ్యవస్థలు దేశంలో ఉన్నాయి. ఇటువంటి జాబితాలలోకి త్రిమితీయ రూపం ఎక్కినప్పుడు, ఏ భాగం కొలిచినది, ఏ భాగం యంత్రం ఊహించినది, ఊహించినచో ఏ వాక్యం ఇచ్చి ఊహింపజేశారు అన్న మూడు సంగతులూ రూపంతోపాటే నమోదు కావాలి. పూరించిన భాగం వేరే రంగులో కనబడాలి. భగ్న శిల్పాలకు కొత్త రాయి అతికేటప్పుడు పాతరాయికీ కొత్తరాయికీ తేడా తెలిసేట్లు ఉంచాలన్న నియమాన్ని పరిరక్షకులు ఎన్నడో అంగీకరించారు. అదే నియమాన్ని తెరకూ వర్తింపజేయడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు.

యంత్రం ఎవరి నమూనాలు చూసి నేర్చిందో వారి లెక్క కూడా తేలలేదు. ఆబ్జావర్స్‌లో చేర్చిన నమూనాలు బహిరంగ అనుమతి పత్రాల కింద ఉంచినవే. వాటిలో చాలావాటికి కర్త పేరు చెప్పాలన్న షరతు ఉంది. భాండారంలో పేర్లు ఉన్నాయి. యంత్రం నుండి వెలువడే రూపంలో లేవు. బిలాస్‌పూర్ స్టేషనుకు సాహిత్యంలో చోటిచ్చిన రవీంద్రుని ‘ఫాంకి’ అనే కవిత, 1918 నాటి ‘పలాతక’ సంపుటిలోనిది, ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఫాంకి అంటే వంచన. రుగ్మతతో ఉన్న భార్యతో రైలు మారడానికి బిలాస్‌పూర్‌లో దిగిన భర్త, ఆమె మాట మీద రుక్మిణి అనే కూలీ భార్యకు 25 రూపాయలు ఇవ్వవలసి ఉండగా 2 రూపాయలిచ్చి పంపివేస్తాడు. భార్యకు మాత్రం ఇచ్చానని నమ్మబలుకుతాడు. ఆమె మరణించిన తరువాత ఆ బాకీ తీర్చడానికి అతడు మళ్ళీ బిలాస్‌పూర్ వస్తాడు. రుక్మిణి ఎక్కడికి వెళ్ళిందో అక్కడ ఎవరికీ తెలియదు.

తాల శిల్పి పేరు కూడా ఎవరికీ తెలియదు. అతడు చెక్కిన ముఖం మీది ప్రాణి తొండా, బల్లా, ఉడుమా అన్నది ఇప్పటికీ తేలలేదు. విగ్రహం పక్కన నాలుగు భాషలలో పలక రాసేనాడు, తెలుగు పలకలో ఆ మూడు మాటలలో ఒకదానిని ఎంచుకోవలసిన వ్యక్తి ముందుగా ఆ రాతి దగ్గరకు వెళ్ళి, ఆ ప్రాణి తోకనూ కాళ్ళనూ తేరిపార చూడవలసి ఉంటుంది.